పసి కాలేయం

నేను రైళ్లలో టికెట్లు చూసే ఉద్యోగం చేసిన రోజుల్లో, కళ్లు మూసుకుని కూర్చున్నా బండి ఏ స్టేషన్లో ఆగిందో ముక్కుతో చెప్పేవాణ్ణి. వేటపాలెంలో జీడిపప్పు వేగుతున్న వాసన, బాపట్లలో ఉల్లిపాయ పెసరట్టు, తెనాలిలో మూకుట్లోంచి అప్పుడే తీసిన మిరపకాయ బజ్జీ. పాసింజరు బండి ఎంత ఆలస్యమైతే నాకంత సంతోషం. "రంగనాయకులు డ్యూటీలో ఉంటే సిగ్నల్ ఇచ్చినా బండి కదలదు, బజ్జీలు అయిపోతేనే కదులుద్ది" అని గార్డులు ఏడిపించేవాళ్లు. నల్లకోటు గుండీలు పట్టనంత పొట్ట వస్తే తప్ప మావాళ్లలో మనిషికి సీనియారిటీ వచ్చినట్టు లెక్క కాదు. నాకు చాలా త్వరగా వచ్చింది.

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. ఊరడం వరకే. ఇప్పుడు నేను తినగలిగింది పాతబియ్యపు అన్నం, నీళ్ల మజ్జిగ, ఉడకబెట్టిన బీరకాయ. అందులో ఉప్పు ఉండదు. ఇది ఎవరో పగబట్టి వేసిన శిక్ష కాదు. నన్ను ప్రాణంగా చూసుకున్న మా ఆవిడ సుగుణ చేతి చలవ. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అక్క గురించి చెప్పాలి.

మా అక్క విశాలాక్షి కాలేయ జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టరు. ఆమె ఈ పనిలోకి రావడానికి కారణం మా అమ్మ. మేము రేపల్లెలో చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు అమ్మకు కామెర్లు వచ్చాయి. కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వాచాయి, పొట్టలో నీరు చేరింది. తెల్లవారుజామున పరగడుపున పసరు తాగించారు. ఉప్పు, నూనె, చింతపండు, కారం అన్నీ మాన్పించి కఠినమైన పథ్యం పెట్టారు. అమ్మ పళ్లెంలో అన్నం చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఒక మధ్యాహ్నం అమ్మ, "విశాలా, ఒక్క ముద్ద గోంగూర పచ్చడి పెట్టవే, నాలుక చచ్చిపోయిందే" అని బతిమాలింది. అక్క పెట్టింది. ఆ ముద్ద తింటున్నప్పుడు అమ్మ మొహం ఎంత వెలిగిందో నేను తలుపు దగ్గర నుంచి చూశాను. అంతకు ముందూ ఆ తర్వాతా అమ్మను అంత సంతోషంగా చూడలేదు.

వానలు మొదలయ్యే సరికి అమ్మ పోయింది. మా నాయనమ్మ శవం పక్కనే కూర్చుని తేల్చేసింది. "పత్యం చెడింది. కూతురు పెట్టిన ముద్దే మింగేసింది నా కోడల్ని." అక్కకు అప్పటికి పదేళ్లు నిండాయో లేదో. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, చుట్టాలు నలుగురు చేరిన ప్రతిచోటా ఆ మాట నడిచింది. అక్క ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత, మెడికల్ కాలేజీలో చదువుతుండగా, ఎవరో ఒకరి రక్తం పరీక్ష చేసి చూపించమంటే అక్క తన రక్తమే తీసి చూసుకుంది. హెపటైటిస్ బి వైరస్ ఉంది. ఆ ఆదివారమే ఇంటికి వచ్చి నా రక్తం తీసుకుపోయింది. నాలోనూ ఉంది. అమ్మ కడుపులోంచి బయటపడుతూనే ఇద్దరం తెచ్చుకున్నాం. అమ్మను చంపింది గోంగూర కాదు, ఏళ్ల తరబడి లోపల కూర్చుని కాలేయాన్ని తినేసిన ఆ వైరస్. "చూశావురా, నేను కాదు" అంది అక్క నాతో. ఆ ఒక్క మాట అనడానికి ఆమె డాక్టరు చదివిందేమో అనిపించింది నాకు.

వైరస్‌ను అణచి ఉంచే మాత్రలు అప్పటికే ఉన్నాయి. "ఈ మాత్రలు దాని నోరు కట్టేస్తయ్ అంతే. ఇల్లు ఖాళీ చేయించలేవు. కణం నడిమధ్యన దాక్కుని ఉంటది" అనేది అక్క. ఇల్లు ఖాళీ చేయించడం ఎలా అన్నదే ఆమె జీవితం అయిపోయింది. పెళ్లి మాట ఎత్తితే "ముందు దీని సంగతి చూడనీ" అనేది. నా కాలేయం గట్టిపడటం మొదలైందని తెలిసిన ఏడాదే ఆమె చేతిలో 'మారాకు' అనే మందు పుట్టింది.

ఆ పేరు ఆమే పెట్టింది. గుంటూరు పొలిమేరల్లో ఉన్న వాళ్ల ల్యాబుకు నన్ను పిలిచి, అద్దాల గొట్టంలో కన్ను పెట్టించింది. కింద గాజుపళ్లెంలో గులాబీరంగు మచ్చలు, ఒకదాన్నొకటి ఆనుకుని బొద్దుగా ఉన్నాయి.

"ఏందే ఇది?"

"నువ్వే. పోయిన నెల సూదితో తీశాం కదా, నీ కాలేయం ముక్క. మందేశాను. పాత కణాలన్నీ వైరస్‌తో సహా రాలిపోయినయ్. ఇవి కొత్తగా పుట్టినయ్. పురిటిబిడ్డ కాలేయం ఎట్టుంటదో అట్టుంది."

"అంటే నాకు మళ్లీ బారసాల చెయ్యాలి."

"చేస్తాలే, ముందు బతుకు" అంది. నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మిగతా అవయవాలకు లేని గుణం కాలేయానికి ఉంది, ముక్క మిగిలినా మళ్లీ పెరుగుతుంది. ఆ గుణాన్నే ఆమె పట్టుకుంది. మొదటి విడతలో పదిమందికి పైగా చేర్చుకున్నారు. అందులో నేనొకణ్ణి, నాగూర్ వలీ అని లారీ డ్రైవరు ఒకడు. అక్క మాత్రం తన పరిశోధనలో తాను చేరకూడదని ఆగింది. "నాది ఇంకా ముదరలేదులే" అంది.

తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం పంపి, కొంచెం కొంచెంగా మందు ఎక్కించారు. జ్వరంతో కాలిపోయాను. అది తగ్గాక ఇంటికి పంపిస్తూ అక్క అందరికీ ఒకటే చెప్పింది. "మామూలుగా తినండి. ఇంట్లో అందరూ ఏం తింటే అదే." అందరం తలలూపాం. తలలూపి ఇళ్లకు వెళ్లి, అందరం పథ్యం మొదలుపెట్టాం.

మా వైపు కాలేయం జబ్బు అంటే కామెర్లు, కామెర్లు అంటే పథ్యం. ఇందులో ఎవరూ ఎవరినీ అడిగేది లేదు. సుగుణ పాతబియ్యం ఎక్కడెక్కడో వెతికి తెప్పించింది. బీరకాయ చెక్కు తీసి ఉత్త నీళ్లలో ఉడకబెట్టేది. మజ్జిగ చిలికి వెన్నంతా తీసేసి, నీళ్లు కలిపి, గుడ్డతో వడకట్టేది. నా నోరు కట్టేసి తాను తింటే తప్పని, తానూ అదే తిన్నది. పోపు వాసన నాకు తగులుతుందని ఇంట్లో పోపు వెయ్యడమే మానేసింది. ఆ రోజుల్లో సుగుణ చిక్కి సగమైంది. అంత ప్రేమగా నన్ను మా అమ్మ కూడా చూసుకుని ఉండదు.

అక్క ఫోను చేసి "ఏం తింటన్నావురా?" అని అడిగేది. సుగుణ నా వైపు చూసేది. "అన్నీ తింటన్నా అక్కా" అనేవాణ్ణి. "పులుసు, వేపుడు అన్నీ పెడతన్నాను వదినా" అనేది సుగుణ పక్కనుంచి. అబద్ధమాడుతున్నామని మాకు అనిపించనేలేదు. డాక్టర్లు అట్లాగే చెబుతారు, మన జాగ్రత్త మనది, అనుకున్నాం.

పరీక్షల్లో నా రక్తంలో వైరస్ జాడే లేదని తేలింది. అక్క ఫోనులో ఏడ్చేసింది. సుగుణ పథ్యం విడవడానికి మంచిరోజు చూసింది. నాకు తలంటి పోసి, కొత్త పంచె ఇచ్చి, ఆకు వేసి కూర్చోబెట్టింది. కందిపప్పు, ఆవకాయ, నెయ్యి, గుత్తివంకాయ, మామిడికాయ పులుసు, పెరుగువడ. వంటింట్లో పోపు చిటపటమన్నప్పుడు నేను లేచి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆ ఘాటుకు తుమ్ములొచ్చాయి, సంతోషానికి కళ్లనీళ్లొచ్చాయి. రైళ్లు, స్టేషన్లు, అమ్మ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

పప్పులో ఆవకాయ కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. దాని రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. గుర్తు పెట్టుకోవాల్సి వచ్చింది, అదే ఆఖరిది కాబట్టి. రెండో ముద్ద కలుపుతుండగానే పెదాలు వాచాయి. ఒళ్లంతా వణుకు. ఆకు మీదే ఒరిగిపోయాను. తెల్లారేసరికి కళ్లు పచ్చగా ఉన్నాయి.

"పత్యం తొందరపడి విడిపించాను" అని సుగుణ తల బాదుకుంది.

ల్యాబు పక్క వార్డులో నన్ను పడుకోబెట్టి అక్క ఒక్కొక్క పదార్థం చుక్క చుక్కగా పరీక్షించింది. వైరస్ లేదు. కాలేయం నిక్షేపంగా ఉంది. కానీ ఉప్పు పడదు, పప్పు పడదు, చింతపండు పడదు, పసుపు పడదు, మిరపకాయ మాట చెప్పనే అక్కర్లేదు. నా కాలేయ కణాలూ, రక్తమూ ఉన్న గాజుపళ్లెంలో అక్క పప్పునీళ్ల చుక్క ఒకటి వేసి నాకు చూపించింది. బొద్దుగా ఉన్న ఆ గులాబీ మచ్చలు ముడుచుకుపోయి, చుట్టూ తెల్లకణాలు మూగాయి. దొంగ జొరబడితే ఊరు మూగినట్టు ఉంది. మజ్జిగ చుక్క వేసింది. కదలిక లేదు, హాయిగా ఉన్నాయి.

మిగతావాళ్లూ ఒకరి తర్వాత ఒకరు అట్లాగే వార్డుకు చేరారు. అందరికీ ఇదే గతి, ఒక్క నాగూర్ వలీకి తప్ప. అతను మామూలు పరీక్షకు వస్తూ వస్తూ ఉల్లిపకోడీ పొట్లం తెచ్చుకుని, వార్డు వరండాలో నిలబడి నములుతున్నాడు. అక్క అతని చేతిలో పొట్లం చూసి కొయ్యబారిపోయింది.

"నువ్వు మందు ఎక్కించుకున్నాక ఏం తిన్నావయ్యా?"

"మీరే చెప్పారు కదమ్మా, మామూలుగా తినమని. నాకెవరున్నారు వండిపెట్టేదానికి? లారీ మానేశా గానీ డాబాలు మానలా. బిర్యానీ, కోడికూర, చేపలపులుసు, ఏది దొరికితే అది."

అక్క నా మంచం దగ్గరకు వచ్చి, సుగుణ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "సుగుణా, నిజం చెప్పు. వీడికి ఏం పెట్టావు?"

సుగుణ చెప్పేసింది. పాతబియ్యం, బీరకాయ, వడకట్టిన మజ్జిగ. చెబుతూ చెబుతూ ఆమెకే ఏదో అర్థమైంది. "ఏం జరిగింది వదినా? నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదమ్మా. పురిటిబిడ్డ కాలేయం కదా అది. మొదట్లో నువ్వు ఏది పంపిస్తే అది నాది అని నేర్చుకుంది. ఆ తర్వాత తలుపేసుకుంది. ఇప్పుడు కొత్తది ఏదొచ్చినా శత్రువే." అక్క నెమ్మదిగానే చెప్పింది. ఇంట్లో ఎవరిని ఎంత ప్రేమగా చూసుకుంటే వాళ్లు అంత తక్కువ తినగలిగేట్టు మిగిలారు. దిక్కులేనివాడు ఒక్కడే అన్నీ తింటున్నాడు.

తర్వాత నా వైపు తిరిగింది. "నీకు తెలుసా, అది పత్యం అని?"

"తెలుసు."

"మరి అన్నీ తింటన్నానని నాతో ఎందుకన్నావు?"

నేను సుగుణ వైపు చూశాను.

"నువ్వు కూడా అనుకుంటన్నావు. నా ముద్దకే అమ్మ పోయిందని."

"లేదక్కా! ఒట్టు."

నిజంగానే లేదు. వైరస్ సంగతి నాకు తెలుసు, ఆమె రుజువు చేసింది, నలుగురికీ నేనే వివరించి చెప్పేవాణ్ణి. కానీ చప్పటి పళ్లెం ముందుకు వచ్చినప్పుడు నా చెయ్యి ఉప్పు అడగలేదు. నాయనమ్మ మాట నా ఒంట్లో ఎక్కడో ఉండిపోయింది. అది అక్కకు ఆ నిమిషంలో కనిపించింది. ఆమె లేచి, నా దుప్పటి సర్ది, వెళ్లిపోయింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నాకు మళ్లీ మారాకు వెయ్యడానికి లేదు. ఎలుకలకు రెండోసారి వేస్తే సగం కూడా మిగల్లేదు. సరే, బతికి ఉన్నాను కదా అని సరిపెట్టుకున్నాను. సుగుణ మాత్రం ఊరుకోలేదు. రెండో విడత రోగులు చేరినప్పుడు ప్రతి మంచం దగ్గరకూ వెళ్లి, తోడు వచ్చిన ఆడవాళ్ల చేతులు పట్టుకుని చెప్పింది. "మా ఆయన్ని చూడండి. మీకు పుణ్యముంటది, పత్యం పెట్టమాకండి. ఉన్నయ్యన్నీ పెట్టండి." డాక్టర్లు చెబితే తలలూపి ఊరుకునే ఆ ఆడవాళ్లు ఆమె చెబితే విన్నారు. రెండో విడత అంతా శుభ్రంగా బయటపడ్డారు. పెళ్లి భోజనాలకు కూడా వెళ్తున్నారట.

ఆ సంతోషంలో ఉండగానే అక్కతో పనిచేసే కుర్ర డాక్టరమ్మ నాకు రహస్యంగా ఫోను చేసింది. అక్క కాలేయంలో మచ్చ కనిపించిందట. ఇంకా కణితి కాలేదు గానీ అయ్యేట్టుంది. వెంటనే మారాకు వేస్తే పోతుంది. మేడమ్ ఒప్పుకోవడం లేదు, మీరైనా చెప్పండి, అంది.

నేనూ సుగుణా ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్లాం. అక్క టీవీ ఎదురుగా కూర్చుని ఉంది. టీవీ పెట్టి లేదు.

"ముందు నీకు దారి కనిపెడతాను. తర్వాత నాది" అంది నేను నోరు తెరవకముందే.

"నాకు దారి దొరికేసరికి నువ్వుండాలి కదే."

"నేను వేసిన మందుకి పదిమంది నోళ్లు కట్టేసుకుని కూర్చున్నారు. నేను మాత్రం అన్నీ తినేదాన్నై బయటికి రావాలా? నీ ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకోవాలా? నావల్ల కాదురా."

"వదినా, తప్పు చేసింది నేను" అంది సుగుణ.

"నువ్వు కాదమ్మా. మా ఇంట్లో తిండి పెట్టిన వాళ్లెవరూ తప్పు చెయ్యలేదు. ఆ సంగతి నా తమ్ముడికే ఇంకా నమ్మకం కుదర్లేదు."

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. కోపం కూడా వచ్చింది. చిన్నప్పటి నుంచి ఆమె మీద నేను ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను.

"అయితే విను. నీకు మందు ఎక్కించిన రోజు నుంచి వండేది నేను. కలిపేది నేను. నీ నోట్లో ముద్ద పెట్టేది కూడా నేనే. పులుసు, కారం, నూనె, ఒక్కటి వదిలిపెట్టను. నేను నమ్ముతున్నానో లేదో అప్పుడు చూసుకో."

"నీకు వంటేం తెలుసురా? టికెట్లు చింపడం తప్ప."

"ఇంతకాలం తిన్నాను. ఆ మాత్రం రాకపోద్దా?"

"నేను తింటంటే చూస్తా కూర్చుంటావా? ఏడుస్తావు."

"ఏడుస్తా. నువ్వు పోతే ఏడ్చేదానికన్నా ఇదే నయం. అమ్మప్పుడు తలుపు చాటున నిలబడి చూశా. ఇప్పుడు ఎదురుగా కూర్చుని చూస్తా."

అక్క కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. సుగుణ వెళ్లి ఆమె పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. మేము లేచేసరికి అక్క మందు తేదీ గురించి ఆ కుర్ర డాక్టరమ్మతో ఫోనులో మాట్లాడుతోంది.

మందు ఎక్కించారు. జ్వరం వచ్చింది, తగ్గింది. అక్కను మా ఇంటికే తెచ్చుకున్నాం. మొదటి మధ్యాహ్నం నేను వంటింట్లో దూరి తలుపు దగ్గరకు వేసుకున్నాను. సుగుణ బయట నిలబడి "పసుపు వేశారా? మూత పెట్టారా?" అని అరుస్తూనే ఉంది. నేను దేన్నీ నాలుక మీద పెట్టుకోవడానికి లేదు. వాసన చూస్తూ, రంగు చూస్తూ, గిన్నె కింద మంట చూస్తూ వండాను. ముద్దపప్పు, గుత్తివంకాయ, చారు. పోపు వేగుతుంటే పాత రోజులన్నీ ముక్కుపుటాల దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. వాటిని అక్కడే నిలబెట్టి పని చూసుకున్నాను.

అక్క ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. పక్కన నా మజ్జిగన్నం గిన్నె. అన్నంలో వంకాయ కూర కలిపి, ముద్ద చేసి, ఆమె నోటికి అందించాను. అక్క నా మొహం వైపే చూస్తూ నమిలింది. నమిలి, మొహం చిట్లించింది.

"వంకాయ ఉడకలేదురా. రుచి చూడకుండానే దించావా?"

అలవాటుగా అనేసింది. అన్న తర్వాత గుర్తొచ్చింది. ఆమె మొహంలో రంగు పోయింది. గుమ్మంలో సుగుణ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"అందుకేగా నిన్ను బతికించుకుంది" అన్నాను. "చెప్పు, ఇంకేం తగ్గింది?"

అక్క కళ్లు తుడుచుకుంది. ముక్కు ఎగబీల్చింది. ఇంకో ముద్ద కోసం నోరు తెరిచి, అది కూడా నిదానంగా నమిలి మింగాక చెప్పింది.

"ఉప్పు."

నేను లేచి వెళ్లి ఉప్పు తెచ్చి, ఆమె అన్నంలో నా చేత్తో వేసి కలిపాను.